వేడి బానెట్టు మీద తమలపాకు

మదనపల్లెలో పుంగనూరు రోడ్డు పక్కన నాకొక షెడ్డు ఉండేది. డీజిల్ బండ్ల పని చేసేవాడిని. ఇప్పుడు చేయడం లేదు. మోకాళ్లు ఒప్పుకోవు, నడుము అంతకన్నా ఒప్పుకోదు. ఈ మధ్య అంగళ్లు ఊరి దగ్గర ఇంజనీరింగు చదివిన కుర్రాళ్లు కొందరు వచ్చి, పాత కార్ల వ్యాపారం పెట్టుకుంటున్నాం, నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. వాళ్ల దగ్గర అరచేయంత యంత్రం ఒకటి ఉంది. దాన్ని బండికి తగిలిస్తే జబ్బులన్నీ తెర మీద కనిపిస్తాయట. మంచిదే. నా కాలంలో అది ఉంటే నా చెవులు ఇంకొంచెం బాగుండేవి. కానీ ఆ యంత్రాన్ని కొనేవాడికి తగిలించడం కుదరదు కదా. నా పనిలో తలనొప్పి అంతా అక్కడి నుంచే వచ్చింది.

పాత డీజిల్ బండి బాగుందో లేదో చెప్పడం పెద్ద విద్యేమీ కాదు. కొన్నేళ్లు చేతులకు నూనె పూసుకున్న ఎవరైనా చెప్పగలరు. చెప్పింది ఎదుటివాడి చెవికి ఎక్కించడమే పని. నేను పని చేసినన్నాళ్లూ అందులో ఎక్కువగా ఓడిపోయాను. ఆ విసుగు ఇంకా దిగలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మెకానిక్‌ను ఆఖరున పిలుస్తారు

బండి కొనాలనుకున్నవాడు మెకానిక్‌ను ఎప్పుడు పిలవాలి? బేరం మొదలుకాక ముందు. ఇందులో ఆలోచించాల్సింది కూడా ఏమీ లేదు. మా వైపు మాత్రం ముందు బండి రంగు తమ పేరుకు కలిసొస్తుందో లేదో అడిగి వస్తారు. తర్వాత నంబరు కూడి చూస్తారు. తర్వాత మంచి రోజు పెట్టిస్తారు. ఆ రోజు రెండు వైపులా పెద్దమనుషులు చాప మీద కూర్చుని ఆకు వక్క మార్చుకుంటారు. ఆకు వక్క చేతులు మారిందంటే మాట అయిపోయినట్టు. ఆ తర్వాత వెనక్కి తగ్గితే అది బండి గొడవ కాదు, మనుషుల గొడవ. ఇదంతా అయ్యాక నా షెడ్డు ముందుకు వచ్చి నిలబడతారు.

"రెడ్డెప్పన్నా, కారు తీసుకుంటాండాము. ఒగ తూరి వచ్చి సూసి సెప్పు."

ఏం చెప్పాలట? బాగుందని చెప్పాలి. నన్ను పిలిచింది బండి చూడటానికి కాదు, హారతి పళ్లెం పట్టుకోవడానికి. బాగాలేదంటే మొహాలు మాడిపోతాయి.

పుంగనూరులో బట్టల కొట్టు ఆయన ఒకాయన ఉండేవాడు. ఆయన తీసుకున్న డీజిల్ అంబాసిడర్‌లో గేరు పెట్టె మూలుగుతోందని, రెండో గేరు తొందర్లోనే పోతుందని చెప్పాను. "శుభమా అని కొంటాంటే యాల అట్ల అంటావప్పా" అని కసురుకుని తీసుకెళ్లాడు. ఆ గేరు పలమనేరు దాటే లోపే పోయింది. ఆయన నా మీదికి పోట్లాటకు వచ్చాడు. ఎందుకంటే నా నోటి మాట తగిలిందట. నేను అనకపోయి ఉంటే ఆ గేరు హాయిగా ఉండేదట. ఆయన ఊరంతా ఆ మాటే చెప్పి తిరిగాడు. కొన్నాళ్లు పుంగనూరు వాళ్లు కొత్త బండి తెస్తే నా షెడ్డు ముందు ఆపకుండా వేగం పెంచి వెళ్లిపోయేవారు. నవ్వుకోండి. నాకు మాత్రం అప్పుడు నవ్వు రాలేదు.

కుప్పం మేస్త్రి

నేను పని నేర్చుకున్నది కుప్పంలో, మునిస్వామి మేస్త్రి దగ్గర. ఆయన గురించి మంచి మాటలే రాయాలని కూర్చున్నాను గానీ అన్నీ మంచివి రావు. ఆయనకు ముక్కు మీద కోపం. స్పానరు చేతికి ఇవ్వడు, విసురుతాడు. పట్టుకోలేకపోతే మన తప్పు. ఏ పనీ ఎందుకు చేస్తున్నాడో చెప్పడు. అడిగితే "సూస్తాండావు గదా, కండ్లు లేవా" అంటాడు. అలాంటి మనిషి దగ్గర పని నేర్చుకోవడానికి ఎంత కాలం వృథా అవుతుందో మీకు తెలియదు. పని చెప్పడం చేతగాని మేస్త్రిని గొప్ప మేస్త్రి అనకండి. పనిమంతుడు అనండి, చాలు.

కానీ ఆయన దగ్గర ఒక అలవాటు ఉండేది. ఎవరైనా బండి చూడమని తెస్తే, బండి వైపు చూడకుండా ముందు బానెట్టు మీద అరచెయ్యి పెట్టేవాడు. వేడిగా ఉంటే చెయ్యి తీసేసి, టీ తెప్పించుకుని బెంచీ మీద కూర్చునేవాడు. అంతే. ఇంజను చల్లారే దాకా లేచేవాడు కాదు.

ఒకసారి ఒక హోటలాయన తన జీపు అమ్ముతూ, కొనేవాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. మేస్త్రి బానెట్టు ముట్టుకుని బెంచీ ఎక్కాడు. హోటలాయన కాసేపు ఓర్చుకున్నాడు.

"ఏం మేస్త్రీ, మమ్మల్ని ఎంతసేపు నిలబెడతావు?"

"అది ఆరనీ."

"ఇంజను బాగనే తిరగతాండాది గదా. వినపడలే?"

"ఉడుకు మీద ఏ ఇంజనైనా తిరగతాది. ఆరినాక రా. అప్పుడు సూస్తా."

హోటలాయన తిట్టుకుంటూ వెళ్లి భోజనం చేసి వచ్చాడు. మేస్త్రి ఇంకా అక్కడే ఉన్నాడు. చివరికి సెల్ఫు కొడితే జీపు దగ్గుతూ, వణుకుతూ, షెడ్డంతా తెల్లపొగ నింపింది. కళ్లు మండి కొనేవాళ్లు రోడ్డు మీదికి పరిగెత్తారు. మేస్త్రి టీ గ్లాసు పక్కన పెట్టి వేరే బండి పనిలో పడ్డాడు. హోటలాయన ఆ తర్వాత మా షెడ్డు వాళ్లెవరికీ తన హోటల్లో టిఫిన్ పెట్టనివ్వలేదు. అందులో నా పాపమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన చెప్పని కారణం నేను చెబుతాను. పెట్రోలు బండిలో నిప్పురవ్వ ఉంటుంది. డీజిల్ బండిలో ఉండదు. గాలిని సిలిండరులో గట్టిగా నొక్కితే అది కాగిపోతుంది, ఆ కాకకే డీజిల్ అంటుకుంటుంది. సిలిండరు గోడలు, పిస్టను రింగులు అరిగిపోతే నొక్కిన గాలి సందుల్లోంచి జారిపోతుంది. కాక చాలదు. చల్లటి పొద్దున డీజిల్ అంటుకోక తెల్లపొగగా బయటికి వస్తుంది. అదే ఇంజను ఒకసారి వేడెక్కిందంటే ఆ ఇనుము వేడే సాయం పడుతుంది, అరిగిన బండి కూడా బుద్ధిమంతురాలిలా తాళం తిప్పగానే మాట వింటుంది. కాబట్టి వేడి బండిని చూసి చెప్పే మాటకు విలువ లేదు. ఇంత చిన్న సంగతి నోరు తెరిచి చెప్పడానికి ఆయనకు ఏమైందో.

పైవరస చూసేవాళ్లు

చల్లటి ఇంజను దొరికితే మిగిలిందంతా తేలిక. స్టార్టు అయ్యాక తెల్లపొగ కాసేపటికి పోతే పరవాలేదు, పోకపోతే అనుమానించాలి. నీలంగా వస్తే ఇంజను తన ఆయిల్ తానే తాగుతోంది. నల్లగా వస్తే డీజిల్ ఎక్కువ పడుతోంది, లేదా గాలి చాలడం లేదు. నల్లపొగను చూసి భయపడేవాళ్లే ఎక్కువ గానీ మూడింటిలో బాగు చేయడానికి సులువైనది అదే. ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీయండి. ఆవిరి కొంచెం ఆడితే సరే. బీడీ తాగే ముసలాయనలా గుప్పుగుప్పుమని ఊదుతుంటే రింగులు పోయాయి. మూత అడుగున మజ్జిగ మీగడలాంటిది అంటుకుని ఉంటే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నాయి. మూత పెట్టేసి ఇంటికి వెళ్లిపోండి.

పాత బండి ఇంజను కొత్త గిన్నెలా తళతళలాడుతుంటే దాన్ని మీ కోసమే కడిగారు. ఎక్కడ ఆయిల్ కారుతోందో మీకు కనిపించకూడదని కడిగారు. లోపల సెంటు కొట్టి ఉంటే అద్దాలు దించి కూర్చోండి. చిక్కటి ఆయిల్ పోస్తే చప్పుడు తగ్గుతుంది, ఆ మాయ కొన్ని రోజులే ఉంటుంది.

ఇవన్నీ చెబితే వింటారా? మదనపల్లె టమాటా మార్కెట్టులో ఒక వ్యాపారి ఉండేవాడు. రైతు తెచ్చిన పెట్టెలో పైవరస కాయల్ని నమ్మే మనిషి కాదు. చెయ్యి అడుగుదాకా పెట్టి మెత్తటి కాయను పట్టి బయటికి తీసేవాడు. రైతులు ఆయనంటే హడలిపోయేవారు. అలాంటి మనిషి కారు కొనడానికి వెళ్లి హారను కొట్టి చూశాడు, టేపురికార్డరులో పాట పెట్టి చూశాడు, సీటు మీద ఎగిరి చూశాడు. బానెట్టు కూడా ఎత్తలేదు. "పెట్టె అడుగుదాకా సూసేటోడివి, దీంట్లో పైవరసతోనే సరిపెట్టినావే" అన్నాను. "కారూ టమాటా ఒగటేనా రెడ్డెప్పా" అన్నాడు.

గంగులప్ప

ఇప్పుడు గంగులప్ప సంగతి చెప్పాలి. ఈ రాతంతా అతని కోసమే మొదలుపెట్టాను.

గంగులప్పది పుంగనూరు. తొంభైల చివర్లో అతను ఇతరుల టాక్సీలు తోలుతుండేవాడు. నెమ్మదస్తుడు, బండిని బాగా చూసుకునేవాడు. అతని బాడుగలన్నీ ఒకే రకం. పుంగనూరు చుట్టుపక్కల రోగులను కుప్పంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, సాయంత్రం తీసుకురావడం. ఆసుపత్రిలో చీటీల వరసలో ముందుండాలంటే ఇంకా చీకటి ఉండగానే పుంగనూరులో బయలుదేరాలి. ఎవరి బండో తోలితే మిగిలేది ఏముంటుంది? సొంత బండి ఉండాలని అతని భార్య రాజమ్మ పట్టుబట్టింది. ఆమె తన పాడి ఆవుల్ని అమ్మేసింది. పాల డబ్బుతో నడిచే ఇల్లు ఇక కారు డబ్బుతోనే నడవాలి. అంటే కారు రోజూ తెల్లవారకముందే స్టార్టు అయి తీరాలి. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

వాయల్పాడులో గంగులప్ప తోడల్లుడు నరసింహులు ఉండేవాడు, రాజమ్మ అక్క సుబ్బమ్మ భర్త. అతని దగ్గర ఒక డీజిల్ అంబాసిడర్ ఉంది. ఇంట్లోవాళ్ల మధ్య బేరం, ఇంకేముంది. ఆకు వక్క మారిపోయింది. ఆ తర్వాత, యథాప్రకారం, నా షెడ్డుకు వచ్చారు.

బండికి పూలదండ వేశారు. బానెట్టు మీద తమలపాకులు పరిచి, వక్కలు పెట్టి, వాటి మీద టెంకాయ నిలబెట్టారు. నేను చూస్తుండగానే ఆ ఆకుల అంచులు ముడుచుకుని నల్లబడుతున్నాయి. అరచెయ్యి పెట్టి చూశాను. ఆనించలేకపోయాను.

"ఇంజను కాలిపోతాండాదే నరసింహులన్నా" అన్నాను.

"వాయలపాడు నుంచి తోలుకోని వస్తే కాలక సల్లగుంటాదా? దోవలో గుడి సుట్టూ గూడా తిప్పినాము."

"అట్లయితే ఈ పొద్దు బండి ఈడే పెట్టిపోండి. రేపు పొద్దన్నే నేను స్టార్టు చేసి సూసి సెప్తా."

నరసింహులు మొహం ఎర్రబడింది. "ఆకు వక్క మారినాక పరీక్ష ఏందప్పా? నేనేమన్నా బయటోడినా? నా మరదలి ఇంటికి పోతాండే బండి ఇది."

గంగులప్ప నేల చూపులు చూస్తూ, "బాగుండాదని ఒగ మాట అనేసెయ్ రెడ్డెప్పన్నా" అన్నాడు.

"స్టార్టు చేసి సూడకుండా అననప్పా."

రాజమ్మ అప్పటిదాకా దూరంగా నిలబడి ఉంది. "సల్లబడినాక సూస్తే ఏమైతాది బావా?" అంది.

"ఏమీ గాదు రాజమ్మా. శుభకార్యంలో అనుమానం పెట్టుకుంటే బాగుండదని, అంతే."

గంగులప్పను షెడ్డు వెనక్కి పిలిచాను. "ఒరే, నీ బాడుగలంతా చీకటితోనే గదా. ఆ పొద్దుకి ఇది స్టార్టు అయితాదా లేదా అనేదొగటే నువ్వు సూడాల్సింది. మిగతాది ఏది పోయినా నేను బాగుచేసిస్తా" అని చెప్పాను.

"నువ్వు సెప్పేది నిజమేన్నా. అయితే రేపు ఆ అన్న మొగం ఎట్ల సూడాల?"

బండి అంత వేడి మీదున్నప్పుడు అది బాగుందనీ చెప్పలేను, బాగాలేదనీ చెప్పలేను. ఏమీ చెప్పలేదు. నరసింహులు టెంకాయ సర్దుకుని బండి తీసుకెళ్లిపోయాడు. బండి అప్పగింతకు మంచి రోజు ఇంకా ముందుంది.

బండి పడుకునే చోటు

నాలుగు రోజులకు వాయల్పాడులో ఒక లారీ పని పడింది. బస్సులో రాజమ్మ కనిపించింది. అక్క ఇంటికి వెళ్తోంది. "నువ్వూ వచ్చి మంచినీళ్లు తాగిపోన్నా" అంది. ఆమె ఎందుకు పిలిచిందో నాకు అర్థమైంది.

వాళ్ల ఇంటి ముందు వీధి చదునుగా, వెడల్పుగా ఉంది. నాలుగు కార్లు పట్టే చోటు. కానీ కారు అక్కడ లేదు. వీధి చివర మిట్ట మీద ఉంది, ముక్కు కిందికి పెట్టుకుని. చక్రాల కింద రెండు రాళ్లు. ఆ రాళ్లు రోజూ తీసి పెట్టి నున్నగా అరిగిపోయాయి. మిట్ట దిగే చోట గోడ మీద పొగ మసి, దీపం గూడు పైన పట్టినట్టు.

సుబ్బమ్మ నీళ్లిచ్చింది. మంచి మనిషి, నోట్లో మాట దాచుకోవడం తెలియదు. కారు అంత దూరం ఎందుకు పెట్టారని రాజమ్మ అడిగింది.

"ఆడ పెడితే బాగమ్మా. పొద్దన్నే రాళ్లు తీసేస్తే సాలు, అదే దొర్లుకోని పోయి స్టార్టు అయితాది. ఈడ పెడితే వీధిలో వాళ్లనంతా తోసేకి పిలవాల" అంది.

ఆమె అందులో తప్పేమీ చూడలేదు. నరసింహులు కూడా చూడలేదని నా నమ్మకం. చలికాలం డీజిల్ బండి ఇలాగే ఉంటుందని, దానికి మిట్ట ఉంటే చాలని అతను అనుకున్నాడు. మోసగాడితో పేచీ తేలిక, నాలుగు తిట్టి వదిలేయవచ్చు. ఇలాంటి మంచివాళ్లతోనే చావు.

మీకు చెప్పదలచుకున్నది ఇదే. బండిని చూడటానికి వెళ్లినప్పుడు అది పడుకునే చోటు చూడండి. దాన్ని కడగొచ్చు, రంగు వేయొచ్చు, వేడి చేసి తేవొచ్చు. మిట్టను ఎవరూ దాచలేరు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో రాజమ్మ కిటికీలోంచి రోడ్డు పక్క ఎత్తుపల్లాలు చూస్తూ కూర్చుంది. గుర్రంకొండ దారి మలుపు దాటాక అంది: "మా వీధిలో మిట్ట యాడుండాదన్నా?"

ఆ రాత్రి మొగుడూ పెళ్లాల మధ్య ఏం జరిగిందో నాకు తెలియదు. పొద్దున గంగులప్ప వచ్చి, "ఆకు వక్క మారిపోయింది, అక్కసెల్లెండ్ల మధ్య చిచ్చు పెట్టలేనన్నా" అని చెప్పి వెళ్లిపోయాడు. తెలిసి కొన్నాడు. తెలియక కొన్నవాడి మీద జాలిపడతాం, తెలిసి కొన్నవాడిని ఏం చేయాలి? నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజు షెడ్డులో అందరి మీదా కేకలేశాను, ఏ పాపం తెలియని ట్రాక్టరు మీద కూడా.

తోస్తే వచ్చే బండి

ఎండాకాలం బండి బాగానే నడిచింది. మదనపల్లెకు వచ్చినప్పుడల్లా గంగులప్ప నా షెడ్డు ముందు హారను కొట్టుకుంటూ వెళ్లేవాడు, చూశావా అన్నట్టు. చలి మొదలైంది. ఇక్కడి చలి మీకు తెలుసు కదా. హారను ఆగిపోయింది.

ఒకరోజు తెల్లవారుజామున పుంగనూరు వెళ్లాల్సి వచ్చింది. గంగులప్ప వీధి మీదుగా వెళ్తుంటే ఆ అంబాసిడర్ వీధి మధ్యలో ఉంది. గంగులప్ప తల బయటపెట్టి స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. వెనక రాజమ్మ తోస్తోంది. ఆమె పక్కన ఒక నడివయసు మనిషి, అతని పక్కన ఒక ముసలాయన. ముసలాయన చేతికి సూది గుచ్చిన చోట ఆసుపత్రి పట్టీ ఇంకా అతికే ఉంది. ఆసుపత్రికి వెళ్లాల్సిన రోగి కారు తోస్తున్నాడు.

"నువ్వు యాల దిగినావయ్యా, పోయి కూర్చో" అని అరిచాను.

"తోస్తే వస్తాది నాయనా. మాకు అలవాటే" అన్నాడు ముసలాయన, నన్ను ఓదార్చే గొంతుతో.

ఆ ఓదార్పుకు నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. నేనూ భుజం పెట్టాను. బండి వీధి చివరికి వెళ్లాక అంటుకుంది. తెల్లపొగలో రాజమ్మ దగ్గుతూ నిలబడింది. గంగులప్ప ఆగలేదు, ఆగితే మళ్లీ తోయాలి. ముసలాయన్ని నడుస్తున్న బండిలోకే కొడుకు ఎక్కించాడు.

"బాడుగలు తగ్గిపోతాండాయన్నా" అంది రాజమ్మ. "జబ్బుతో ఉండే మనిషి ఎన్ని తూర్లని తోస్తాడు? అందురూ వేరే బండ్లకు పోతాండారు."

ఆ వారమే బండిని షెడ్డుకు రప్పించి విప్పాను. సిలిండరు బోరు అరిగిపోయింది, రింగులు ఉన్నాయంటే ఉన్నాయి. ఇంజను మొత్తం పని చేయాలి. చల్లటి ఇంజనును ముందుగా కాచే హీటరు ప్లగ్గులు మార్చి కొన్నాళ్లు నెట్టుకురావచ్చు గానీ అది మందు కాదు. ఇంజను పనికి వాళ్ల దగ్గర ఏముంది? ఆవులు అప్పుడే పోయాయి. ఇక అమ్మేయమన్నాను. గంగులప్ప తలూపి వెళ్లిపోయాడు.

మళ్లీ ఆకు వక్క

కొన్ని వారాలకు కబురు వచ్చింది. గుర్రంకొండ వైపు రైతు వెంకట్రమణ ఆ కారు తీసుకుంటున్నాడట, నన్ను పుంగనూరులో గంగులప్ప ఇంటికి రమ్మన్నారు. ఎలా ఉంటుందో నాకు తెలుసు. దండ, టెంకాయ, వేడి బానెట్టు. ఇన్నాళ్లు దెబ్బతిన్నవాడు ఇప్పుడు ఇంకొకడికి అంటగడతాడు. నేను వెళ్లను అనుకున్నాను. తిట్టడానికైనా వెళ్దామని వెళ్లాను.

వెంకట్రమణ, అతని పెద్దమనుషులు అరుగు మీద కూర్చుని ఉన్నారు. కారు చదును వీధిలో ఇంటి ముందే ఉంది. దండ లేదు. నా అలవాటు కొద్దీ బానెట్టు మీద చెయ్యి పెట్టాను. చల్లటి నీళ్ల కుండను ముట్టుకున్నట్టుంది.

"ఈ పొద్దు దాన్ని ఎవురూ ముట్టుకోలేదన్నా" అన్నాడు గంగులప్ప.

వెంకట్రమణ తాంబూలం పళ్లెం తీసుకుని లేచాడు. గంగులప్ప అతనికి ఎదురుగా నిలబడి చెప్పాడు. "వెంకట్రమణన్నా, ముందు ఒగ మాట. ఈ బండి పొద్దన్నే స్టార్టు గాదు. తోయాల. ఇంజను పనుండాది."

వెంకట్రమణ కాసేపు అతని మొహం చూసి, సంతోషంగా నవ్వాడు. "ఇంత నిజం సెప్పే మనిషి బండి ఎట్ల సెడిపోతాదప్పా. పట్టు, ఆకు వక్క తీసుకో."

నేను అరుగు మీద కూలబడ్డాను. నిజం చెప్పినా కొంటారు, అబద్ధం చెప్పినా కొంటారు. ఈ జనానికి ఇంజను ఎవరు చూపించాలి? నా జీవితంలో సగం ఈ పళ్లేల ముందే పోయిందనిపించింది.

గంగులప్ప చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ముందు బండి స్టార్టు చేసి సూడన్నా. తర్వాత ఆకు వక్క."

పెద్దమనుషుల్లో ఒకాయన లేచి నిలబడ్డాడు. "ఇచ్చిన తాంబూలం పట్టుకోకపోవడం ఏం మర్యాదప్పా?" అన్నాడు. గంగులప్ప చేతులు ముందుకు రాలేదు. "తప్పే పెద్దాయనా. నేను ఒగ తూరి మర్యాదకు పోయినా. జబ్బుతో ఉండేవాళ్లు నా బండిని తోసినారు" అన్నాడు.

రాజమ్మ ముందుకు వచ్చి వెంకట్రమణ చేతిలో పళ్లెం తీసుకుని బానెట్టు మీద పెట్టింది. "ఇది యాడికీ పోదు. సూసి రాన్నా" అని తాళం అతనికి ఇచ్చింది.

వెంకట్రమణ కూర్చుని సెల్ఫు కొట్టాడు. ఇంజను మూలిగింది. మళ్లీ కొట్టాడు. తెల్లపొగ కొంచెం వచ్చి ఆగింది. బ్యాటరీ నీరసించే దాకా కొట్టాడు. దిగి వచ్చి, కళ్లు తుడుచుకుంటూ నా పక్కన కూర్చున్నాడు.

"ఏం పని పడతాది రెడ్డెప్పన్నా దీనికి?"

ఆ ప్రశ్న ఆకు వక్క మారకముందు నన్ను ఎవరైనా అడగడం అదే మొదటిసారి. నేను తొందరపడలేదు. బోరు సంగతి, రింగుల సంగతి, ఏది మార్చాలి, ఏది ఇంకా కొన్నేళ్లు ఆగుతుంది, అన్నీ చెప్పాను. అతను అడిగాడు, నేను చెప్పాను, పెద్దమనుషులు కూడా దగ్గరికి జరిగి విన్నారు. బేరం మళ్లీ మొదటి నుంచి మొదలైంది. ఇంజను పని ఖర్చు తీసేసి ధర తేల్చుకున్నారు. గంగులప్పకు నష్టమే. మళ్లీ ఇంకొకరి కారు తోలుకోవాలి. వచ్చినదానితో రాజమ్మ ఒక ఆవును కొనుక్కోగలదు, అంతే. అయినా ధర ఒప్పుకునేటప్పుడు అతను తల దించుకోలేదు. నా కళ్లు చెమర్చాయి. ఎవరూ చూడకుండా తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాను.

మధ్యాహ్నానికి గానీ తాంబూలం పళ్లెం దగ్గరికి ఎవరూ రాలేదు. గంగులప్ప, వెంకట్రమణ బానెట్టుకు చెరోవైపు నిలబడి ఆకు వక్క మార్చుకున్నారు. మిగిలిన వాటిలోంచి రాజమ్మ ఒక ఆకు తీసి, సున్నం రాసి, వక్క పెట్టి నా చేతికి ఇచ్చింది.

"తినన్నా" అంది. "ఈ తూరి నిన్ను బాగుండాదని అనమని ఎవురూ అడగరు."

ఆకు నోట్లో పెట్టుకున్నాను. అది వాడిపోలేదు. ఇంకా చల్లగా, పచ్చిగా ఉంది.